వెల్లకిలా వేలాడే గొడుగు

రోహిణి కార్తె ఆఖరి రోజు, పొద్దుటి షిఫ్టు

పొద్దున్నే స్టూలెక్కి గొడుగులో నీళ్ళు తోడిపోశాను. ఐదో గదిలో పైకప్పు నుంచి వెల్లకిలా వేలాడదీసిన నల్ల గొడుగు అది. కింద పదిమంది నిలబడగలిగేంత పెద్దది. రాతిలోంచి ఊరే నీరు చుక్క చుక్కగా అందులో పడుతుంటుంది. తోడకపోతే బరువుకు గుడ్డ చిరుగుతుంది. పక్కన రేకు మీద 'పేరు లేదు' అని రాసి ఉంటుంది. దాన్ని చేసినావిడ ఎప్పుడో పోయింది. ఆమె కళ చేసి వెళ్ళిపోయింది, నేను చెంబు పట్టుకుని మిగిలాను.

ప్రతి షిఫ్టుకూ ఇలా నాలుగు ముక్కలు రాయాలని పై ఆఫీసు రూలు. వాళ్ళు చదవరని నాకు తెలుసు కాబట్టి నిజమే రాస్తుంటాను.

పూర్వం ఈ సొరంగాల్లో బొగ్గు తవ్వేవారు. సొరంగాన్ని అప్పుడు కూడా గ్యాలరీ అనే అనేవారట. బొగ్గు అయిపోయింది, ఎండకు తాళలేక జనం కిందికి దిగారు, ఖాళీగా ఉన్న చోట కొత్తకాలపు బొమ్మలు పెట్టారు. పేరు మార్చే శ్రమ కూడా లేకపోయింది.

ఈ ఏటి చూపు డ్యూటీలో ఇవాళ వచ్చేది చివరి జట్టు. వీళ్ళు బయటపడితే రేపు మిరుగం లిఫ్టులో పైకి పోతారు. మృగశిర మొదటి వానలకే కదా పైన నేల కాలు పెట్టనిచ్చేది. మిగతా ఏడాదంతా రోహిణే. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. ఇప్పుడు పగలడానికి పైన రోళ్ళు కూడా లేవు.

వాన వంతు ఒక్కో ఇంటికి ఎన్నో ఏళ్ళకు గానీ రాదు. అది అందాలంటే ముందు మా దగ్గర చూపు డ్యూటీ చేయాలి. ఒకప్పుడు పైకి వెళ్ళిన ఒక జట్టు, వాన వెలిసి ఎండ తిరగబడినా ఒళ్ళు కాలుతోందని తెలియక అలాగే కూర్చుండిపోయిందట. కింద బతికి బతికి మొద్దుబారిన మనుషులు. అప్పుడే డాక్టర్లు తేల్చారు, ఒక బొమ్మ ముందు నిలబడి తనకేమనిపిస్తోందో చెప్పలేనివాణ్ణి ఎండ ముందు నిలబెట్టకూడదని.

అందుకని గదికో తలుపు, ఆ తలుపుకో చెవి. లోపలికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ బొమ్మను చూసి తమ సొంత మాట అనాలి. అందరిదీ అయ్యాకే తలుపు నెత్తిన ఉన్న ఎర్రదీపం పచ్చబడి, తలుపు తెరుచుకుంటుంది. ఎవరిది మిగిలిందో చెప్పదు, జనం సిగ్గుపడతారని. అరువు మాట ఒప్పుకోదు, ఇన్నేళ్ళలో విన్నదంతా దానికి గుర్తే. ఇక 'బాగుంది' అన్నామా, చెవిటిదైపోతుంది.

నన్ను 'తోడు' అంటారు. జనాన్ని బొమ్మ ముందుకు తీసుకెళ్ళి, అర్థం చెప్పకుండా, అడిగి అడిగి వాళ్ళ మాట వాళ్ళ చేత అనిపించాలి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ లెక్కన ఈ ఊళ్ళో నాకంటే గొప్పవాళ్ళు లేరు. కానీ తోడుకు వాన వంతు లేదు. "అందరిదీ అయినంక నీదే స్వరూపా" అంటారు ఏటేటా. అందరిదీ అయ్యేసరికి వాన అయిపోతుంది.

ఇవాళ్టి జట్టు ఇద్దరు. కనకవ్వ డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, నోరు మూత పడకుండా ఉంటుంది. ఆమె వెనక ఆమె మరిది ఓదెలు, వంటశాలలో పెద్ద వంటవాడు. ఈయనకు నోరు ఉప్పు చూడటానికి తప్ప తెరవడం అలవాటు లేదు.

"ఎవరెవరు లోపలికి వస్తున్నారు?" అని తలుపు తన పుస్తకం భాషలో అడిగింది. రోజూ నేనే జవాబు చెప్తాను, "వీళ్ళు ఇద్దరు" అనో "వీళ్ళు నలుగురు" అనో. నేను నోరు తెరిచేలోపే కనకవ్వ ఆ ఇనుప తలుపును చంటిపిల్ల బుగ్గలా నిమిరి, "ఇంకెవరున్నరు బిడ్డా, మనమే" అంది.

తలుపును బిడ్డా అన్న మనిషిని ఇదే చూడటం. నాకు నవ్వొచ్చింది. తలుపు తెరుచుకుని, మేం లోపలికి రాగానే మూసుకుంది. చెంబు బయటే మరిచిపోయాను. గంటలో అయిపోయే పనే కదా అనుకున్నాను.

అదే రోజు, రెండో షిఫ్టు

ఇంకా లోపలే ఉన్నాం.

కనకవ్వది క్షణంలో అయిపోయింది. గొడుగు చుట్టూ తిరిగింది, తల ఎత్తి చూసింది, 'పేరు లేదు' అని నేను చదివి చెబితే "అయ్యో, పేరు పెట్టకుంటనే ఇడిచిపెట్టిన్రా" అని జాలిపడింది. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని అంది.

"గొడుగు బోర్లిస్తె మనకు. ఎల్లకిలేస్తె దానికి. ఇన్నొద్దులు మనకు అడ్డం నిలవడి నిలవడి దాని గొంతు ఎండిపోయింది బిడ్డా. గిప్పుడు తాగుతాంది. తాగనియ్యున్రి."

ఈ గొడుగు కింద వేలమంది మాటలు విన్నాను, ఇలాంటిది వినలేదు. ఆమెది అయిపోయిందని నాకు అనుమానమే లేదు. ఓదెలు వైపు తిరిగాను.

"మీకేమనిపిస్తుంది కాకా?"

"బాగున్నది."

నా చేతిలో పనిముట్లు చాలానే ఉంటాయి. బొమ్మ మీద ఏమీ అడక్కుండా మనిషి మీద అడగాలి, అదే కిటుకు. "ఇది మీ ఇంట్ల ఉంటే ఏడ పెడ్తరు?" అన్నాను. "మా ఇంట్ల పట్టదు" అన్నాడు. "మీరైతే ఏం పేరు పెడ్తరు?" అంటే "గొడుగు" అన్నాడు. దాని వంక చూడకుండా వీపు తిప్పి నిలబడి, చుక్కల చప్పుడు మాత్రం వినమన్నాను. కాసేపు బుద్ధిగా విన్నాడు. "ఏమినవడ్డది?" అంటే "చుక్కలు" అన్నాడు. చివరికి నేల మీద పడుకోబెట్టి కింది నుంచి చూడమన్నాను. చాలాసేపు చూశాడు. పెదవి కదిలింది. నేను దీపం వైపు ఆశగా చూశాను.

"నడుం నొస్తాంది" అన్నాడు.

కనకవ్వ పకపకా నవ్వింది. "మా మరిది గంతే బిడ్డా. పెండ్లినాడు పిల్ల ఎట్లున్నదిరా అంటె బాగున్నదన్నడు. పిల్ల సచ్చినంక ఎట్లున్నవురా అంటె బాగున్న అన్నడు."

ఆ రెండో ముక్కకు ఎవరమూ నవ్వలేదు.

భోజనం వేళకు గోడలోని చిన్న కిటికీ తెరిచి మనోహర్ మూడు అన్నం డబ్బాలు లోపలికి తోశాడు. మా షిఫ్టు ఇన్‌ఛార్జి అతను, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు.

"ఇంకా కాలేదా స్వరూపక్కా? రేపు పొద్దుగాల సైరన్ మోగుతది. అందాక తెరుసుకోకుంటె నేనే బయట నుంచి పగులగొట్టియ్యాలె. రూలు ఎరికే గద."

తెలుసు. పగలగొట్టి తీసిన జట్టుకు 'మొద్దు' అని గుర్తు పడుతుంది. వంతు రద్దు, ఆపై ఆసుపత్రి కిందిగదుల్లో వైద్యం. ఒక్కరి మాట మిగిలినా సరే, జట్టంతటికీ అదే. జట్టు కలిసి పోవాలి, లేదా కలిసి ఆగిపోవాలి. ఇప్పుడే తెరవకూడదా అని అడిగాను. పై ఆఫీసంతా మిరుగం హడావిడిలో ఉందట, సంతకం చేసే చెయ్యి దొరకదట.

కిటికీ మూసుకున్నాక కనకవ్వ నా పక్కన కూర్చుంది. ఈసారి నవ్వట్లేదు.

"ఈ వంతు నాది, మా ఆయనది బిడ్డా. పోయినేడు ఆయన పాయె. ఆయన జాగల మరిదిని రాయించిన. నేను గింతవరకు వాన సూడలే. వంతు వచ్చినప్పుడల్లా ఇంట్ల ఒకరికి జరమో, ఇంకొకరికి కాన్పో. ఒక్కపారి జడ ఇప్పుకోని వానల కూసోవాలె, గంతే. ఇంకో వంతు వచ్చేదాక నేనుంటనా?"

నేను "ఉంటవ్ అవ్వా" అనలేదు. ఉండదని ఇద్దరికీ తెలుసు.

ఇది రాస్తుంటే గోడలు దగ్గరికి జరిగినట్టుంది. ఈ గదిలోకి ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నాను, ఎప్పుడూ ఊపిరాడకపోలేదు. పోవడానికి వీలున్న గది వేరు, వీల్లేని గది వేరు. అవే గోడలు.

మిరుగం మొదటి రోజు, పొద్దున

మేం లేచేసరికి చుక్కల వేగం పెరిగింది. పైన వాన మొదలైందన్నమాట. రాతిలోంచి నీరు ధారగా దిగుతోంది. గొడుగు గుడ్డ కిందికి సాగి, చేటంత పొట్ట వేసింది. చెంబు బయట ఉంది. ఓదెలు ఏమీ అనకుండా తన అన్నం డబ్బా కడిగి, స్టూలెక్కి నీళ్ళు తోడి మూల కాలువలో పోయడం మొదలుపెట్టాడు.

పైన వాన పడుతోంది, మేమిక్కడ దాని తోక పట్టుకుని డబ్బాతో తోడుతున్నాం. నాకు ఒళ్ళు మండింది. తోడు అన్నది ఎన్నడూ జట్టు మీద గొంతు లేపకూడదు. నేను లేపాను.

"కాకా, మీ ఒక్కరి నోరు లేవక మీ వదినె వంతు పోతాంది. ఆమె ఏమడిగింది మిమ్మల్ని? వానల కూసుంట అన్నది. గదానికి గూడ అడ్డం పడ్తరా? ఒక్క మాట అనున్రి. ఉల్లిగడ్డ కోసినట్టు కోసి అడుగుతాన. ఇది సూస్తె మీకేమయితాంది లోపల?"

ఓదెలు చేతిలో డబ్బా ఆగిపోయింది. స్టూలు మీదే కూర్చున్నాడు. గొడుగు అంచు ఆయన తలకు జానెడు దూరంలో ఉంది. దాని వైపు చూడకుండా మాట్లాడాడు.

"నేను తడవలే."

"ఏంది?" అంది కనకవ్వ.

"ఈ చూపు డ్యూటీ లేనప్పటి వంతుల అన్న, నేను పోయినం గద వదినె. లిఫ్టు కాడ మనిషికో గొడుగు ఇచ్చిన్రు. అన్న తన గొడుగు ఆడనే పారేసి ఉరికిండు. చిన్నపోరని లెక్క ఎగురుకుంట 'రారా ఓదిగా, రారా' అని ఒకటే పిలుసుడు. నాకు భయమైంది. కింద పుట్టినోన్ని. నీళ్ళు పైకెల్లి మీద పడుడేంది? గొడుగు కింద నిలవడ్డ. లిఫ్టు మల్ల వచ్చేదాక గట్లనే నిలవడ్డ. చెయ్యి సుత బయట పెట్టలే. కిందికొచ్చినంక అందరడిగిన్రు, వాన ఎట్లున్నదిరా అని. బాగున్నదన్న. అప్పటిసంది బాగున్నదనే అంటాన."

"నువ్వు మస్తు తడిసినవని జెప్పిండు గద మీ అన్న" అంది కనకవ్వ. "నీ అంగి పిండితె బిందెడు నీళ్ళచ్చినయన్నడు."

"అబద్ధమాడిండు వదినె. నా ఇజ్జత్ కోసం. సచ్చేదాక ఎవ్వరికి జెప్పలే." గొడుగు వైపు మొదటిసారి తల తిప్పాడు. "దీని కింద నిలవడితె మల్ల గట్లనే అయితాంది నాకు. అన్న పిలుస్తాండు. నేను పోతలేను."

కనకవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ మనిషికి అబద్ధమాడుడు రాదనుకున్న ఇన్నేండ్లు" అంది, ఏడుస్తూనే కాస్త నవ్వింది.

నేను దీపం చూశాను.

ఎర్రగానే ఉంది.

ఒక ముసలాయన తన లోపల పాతిపెట్టుకున్నదాన్ని గోళ్ళతో తవ్వి బయట పెట్టించాను. తలుపుకు అది చాలలేదు. ఆయన కూడా దీపం వైపు చూశాడు, ఆ తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "నాది సాల్లేదా బిడ్డా?" అని అడిగాడు.

అదే పొద్దున, సైరన్‌కు ముందు

చాలకపోవడం ఏమిటి? అంతకంటే సొంతమాట ఈ గదిలో ఎవరూ అనలేదు. అదే మాట కనకవ్వ కూడా అంది, తన పద్ధతిలో. "నాదైంది. మరిదిదైంది. ఇగ ఎవరు మిగిలిన్రు?"

అప్పుడు నాకు తలుపు లెక్క మీద అనుమానం వచ్చింది.

పరుగున వెళ్ళి కిటికీ బాదాను. మనోహర్ వచ్చాడు.

"తలుపు లెక్కల ఎంతమంది ఉన్నరో చూడు."

చూసి చెప్పాడు, "ముగ్గురు".

"మూడో మనిషి ఎవరు?"

"నువ్వేనక్కా. నీకెరికే అనుకున్న."

"నాకెట్ల ఎరుక? నిన్ననే చెప్పకపోతివి!"

"నువ్వడగలే గదా!"

'మనమే' అంది కనకవ్వ. 'మేమే' అని ఉంటే ఇద్దరు. మాట్లాడేవాళ్ళు, వాళ్ళ మనుషులు, అంతవరకే. 'మనమే' అంటే ఎదురుగా ఉన్నవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. ఆమెకు ఆ తేడా తెలియక కాదు. ఊరు అడిగేటప్పుడు కూడా 'మనది ఏ ఊరు?' అని అడిగే మనిషి, ఎదుటివాళ్ళను బయట నిలబెట్టి మాట్లాడటం ఆమెకు చేతకాదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తలుపు ముందు అసలే తీసుకోలేం. లెక్క దిద్దమని మనోహర్‌ను బతిమాలాను. "తలుపు తప్పు వినదు అక్కా" అన్నాడు, గోడ మీద రాసిన రూలు చదివినట్టు.

ఓదెలు కాస్త ఆలోచించి అడిగాడు. "మనం అంటే తలుపు గూడ అచ్చినట్టే గద? నయం, అది తనను లెక్కేస్కోలే. దాని సొంత మాట కోసం ఎన్నేండ్లు కూసుందుమో."

ఆయన నవ్వించడానికే అన్నాడు. నిన్నటి నుంచీ ఆయన్ను నేను పెట్టిన బాధకు బదులుగా అది నాకు ఎక్కువే.

సరే, నాదే మిగిలింది. ఇంతమంది చేత అనిపించినదాన్ని, నాకెంత పని? గొడుగు ముందు నిలబడ్డాను. "మా అమ్మ ఒడి గుర్తొస్తాంది" అన్నాను. ఎర్రగానే ఉంది. అది రెండో మట్టంలో ఉండే బట్టలు కుట్టే ఆవిడ మాట. "వడ్డించని కంచం లెక్కున్నది" అన్నాను. అది ఒక పంతులు మాట. ఒకటొకటిగా అన్నీ అన్నాను. ఏది నోట్లోకి వచ్చినా దాని వెనక ఎవరిదో ముఖం వచ్చింది. పోనీ అని కూర్చుని కొత్తది కట్టాను. "ఇది ఆకాశానికి కింద పెట్టిన చెవి." ఇది ఎవరూ అనలేదు, ప్రమాణం చేస్తాను. దీపం కదలలేదు. అది నాకు అనిపించింది కాదు. అనిపిస్తే బాగుండునని అల్లింది. తలుపుకు తేడా తెలుసు.

నాలో ఏమీ లేదు. ఇన్నేళ్ళు అందరి మాటలూ పోసుకున్నాను, నాదంటూ వెతికితే చెయ్యి గోడకు తగులుతోంది. గది తలుపు సంగతి తర్వాత. నేను ఎక్కడ ఇరుక్కున్నానో ఇప్పుడు తెలిసింది, దానికి కిటికీ కూడా లేదు.

ఓదెలు అలసిపోయాడు. ఇక నేను తోడాలి.

మిరుగం మొదటి రోజు, లిఫ్టులో

జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్టూలెక్కి డబ్బాతో తోడుతున్నాను. నీరు నేను తోడేదానికంటే వేగంగా దిగుతోంది. కనకవ్వ కింద నిలబడి నా వంకే చూస్తోంది. చాలాసేపు చూసి అడిగింది, "నీకేమనిపిస్తాంది బిడ్డా?"

"ఏం లేదు అవ్వా."

"ఇది నీ ఇంట్ల ఉంటే ఏడ పెడ్తవ్?"

నా ప్రశ్నే. నా గొంతుతోనే అడిగింది, దొంగ ముసలిది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, డబ్బా నేలకేసి కొట్టాను.

"ఏడా పెట్ట! అవతల పారేస్త! దీని మొకం సూడ!"

"ఎందుకట్ల?"

"ఎందుకేంది? రోజు పొద్దుగాల నేనే ఎత్తిపొయ్యాలె. మీరందరు వస్తరు. దీంట్ల మీ వాన సూస్కుంటరు, మీ అన్నను సూస్కుంటరు, మీ అవ్వను సూస్కుంటరు. ఏడుస్తరు, నవ్వుతరు, పైకి పోతరు. నేను చెంబు పట్టుకోని మీ అందరి నీళ్ళు కాలువల పోస్త. ఒక్కలు... ఒక్కలన్న నువ్వెప్పుడు పోతవని అడిగిన్రా? వాన ఎట్లుంటదని జట్టుజట్టుకు నేనే చెప్త. నాకేం ఎరుక వాన? నేనెప్పుడన్న సూసిన్నా? అన్ని మీరు చెప్పినయే! కాకా తడవలేదని ఏడుస్తాండు. గొడుగు కిందనన్న నిలవడ్డడు గదా! నాకు గా గొడుగు గూడ లేదు. కుళ్ళు అవ్వా నాకు. మీరంటే కుళ్ళు. వచ్చినోల్లందరంటే కుళ్ళు. దీన్ని సూస్తె నా కడుపు కుళ్ళుతాంది!"

ఇంత నీచమైన మాట నా నోట వస్తుందనుకోలేదు. స్టూలు మీద నిలబడి, చేతులు తడిసి, ముక్కు కారుతూ ఉన్నాను. తోడుగా పనిచేసేవాళ్ళకు అంతకంటే తలవంపు ఉండదు.

ఓదెలు చూపుడువేలు ఎత్తాడు. నా వెనక్కి చూపించాడు.

దీపం పచ్చగా ఉంది.

తలుపు తెరుచుకుంటుంటే సైరన్ మొదలైంది. బయట మనోహర్, అతని వెనక గునపాలు పట్టుకున్న ఇద్దరు. మనోహర్ ముఖం చూస్తే తలుపు నిజంగా తెరుచుకుంటుందని అతను అనుకోలేదని తెలిసింది.

"నడువున్రి, నడువున్రి, లిఫ్టు పోతది" అని కనకవ్వనూ ఓదెలునూ తోశాను. అలవాటుగా నేను పక్కకు జరిగి, బయట మరిచిపోయిన చెంబు చేతిలోకి తీసుకున్నాను. గొడుగు అట్లా వదిలేస్తే చిరుగుతుంది.

"అక్కా" అన్నాడు మనోహర్. తన పలక మీద ఏదో చదివి, మళ్ళీ చదివాడు. "జట్టు ముగ్గురు. చూపు డ్యూటీ పూర్తయింది. జట్టు కలిసే పోవాలె, రూలు."

"నేను తోడును."

"తలుపు అట్ల వినలే."

"తప్పు విన్నది."

"తలుపు తప్పు వినదు" అన్నాడు. ఈసారి రూలు చదివినట్టు అనలేదు. నా చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. "గొడుగు నేను సూస్త. పో."

నేను కదల్లేదు. ఇన్నేళ్ళు అడిగి అడిగి దొరకనిది దొరికితే కాళ్ళు ముందుకు పడతాయనుకుంటాం, పడవు. ఓదెలు వెనక్కి వచ్చాడు. నాకు భయమేస్తోందని ఆయనకు తప్ప ఎవరికి అర్థమవుతుంది?

"రా బిడ్డా" అన్నాడు. "నేను గూడ భయపడుకుంటనే పోతాన."

లిఫ్టు దాకా పరిగెత్తాం. కనకవ్వ ఆ వయసులో మా ఇద్దరి కంటే ముందుంది, జడ అప్పుడే విప్పేసుకుంటోంది. లిఫ్టు నడిపే ముసలాయన ఇనుప జాలీ సగం మూసేశాడు. మమ్మల్ని చూసి విసుక్కుంటూ మళ్ళీ తెరిచాడు. ఆయన పక్కన గోడకు గొడుగులు వరసగా వేలాడుతున్నాయి, అన్నీ బోర్లా, అన్నీ పొడిగా. పై నుంచి సొరంగంలోకి చల్లటి గాలి దిగుతోంది. దానితో పాటు ఒక హోరు. అది ఏమిటని నేనెవరినీ అడగలేదు.

"గొడుగులెన్ని?" అన్నాడు ఆయన.

"ఒక్కటి సుత వద్దు" అన్నాడు ఓదెలు. నా ఎదుట ఆయన అంత గట్టిగా అన్న మాట అదే.

"ఎంతమంది? ఎవరెవరు?"

కనకవ్వ నోరు తెరిచింది. ఏమనబోతోందో నాకు తెలుసు. ఆమెను వదిలేస్తే లిఫ్టు నడిపే ఆయన్ను కూడా మా జట్టులో కలిపేస్తుంది. గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఇన్నేళ్ళ అలవాటు కదా, 'వీళ్ళు ఇద్దరు' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. మింగేశాను.

"మేము" అన్నాను. "ముగ్గురం."